సెలైన్ ఎక్కించని జబ్బు

వరంగల్ బట్టల బజార్‌లో చీరల దుకాణం నడిపే పాండురంగం సేటుకు ఒక పేరుంది. కొనే మనిషి ఎవరో, కొనని మనిషి ఎవరో గడప దగ్గర చెప్పులు విడిచే తీరులోనే పసిగడతాడని. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చెప్పులు పక్కపక్కన సర్ది పెట్టి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని లోపలికి వస్తారట. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కాళ్లు విదిలించినట్టు విడుస్తారట. మళ్లీ తొందరగా తొడుక్కోవాలి గదా! ఇందులో నిజమెంతో ఎవరూ తేల్చలేదు. ఆయన నమ్మాడు, దుకాణంలో పనిచేసేవాళ్లు నమ్మారు. భార్య అరుణ మాత్రం నమ్మలేదు.

కొనే మనిషితో పాండురంగం కొట్లాడతాడు. ఒట్లు వేస్తాడు, అలుగుతాడు, "ఈ చీర నీకు అమ్మనే అమ్మను, నడువమ్మా" అని మడతపెట్టి మళ్లీ విప్పుతాడు. కొనదని తేలిందా, గొంతు తేనె అయిపోతుంది. "తొందరేం లేదు చెల్లే. నాలుగు దుకాణాలు తిరుగు. మంచిగ సూసుకో" అంటాడు. ఆ మాట అన్న తర్వాత పరుపు మీద ఇంకో చీర పడదు. ఆయన కోపంగా ఉన్నాడంటే బేరం బతికి ఉన్నట్టు. తీయగా మాట్లాడాడంటే ఆ గిరాకీ మీద ఆశ వదులుకున్నట్టు. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, ఆయనకు వచ్చిన జబ్బులో సగం పేగులోంచి వస్తే, మిగతా సగం ఈ విద్యలోంచే వచ్చింది.

నొప్పి ఒక పెళ్లి బేరం నడుమ మొదలైంది. తొర్రూరు నుంచి పెళ్లివారు బండి నిండా దిగారు. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు తీస్తున్నారు. పాండురంగం పొత్తికడుపులో, ఎడమ పక్కన, ఎవరో లోపలి నుంచి బొటనవేలితో ఒత్తుతున్నట్టు అయింది. ఆయన ఒక పక్కకు ఒరిగి, మోకాలు ముడిచి, ఒంటిచేత్తో చీరలు విసరసాగాడు.

"ఏంది సేటూ, గట్ల వంకర కూసున్నవ్?" అంది పెళ్లికూతురి మేనత్త. "ధర గుడ వంకరనే చెప్తవా ఏంది?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వితే ఇంకా నొప్పి లేచింది. ఇంటికొచ్చి వాము నమిలాడు, సోడా తాగాడు, గోరువెచ్చటి నీళ్ల సీసా కడుపు మీద పెట్టుకున్నాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది.

"ఇంకెంత వాము నములుతరు? కిరాణ దుకాణంల వాము లేకుంట జేస్తాండ్రు" అంది అరుణ. "లేవుండ్రి, దవాఖానకు పోదాం."

పాండురంగానికి దవాఖానకు పోవడమంటే ఊరికి పోవడమే. సూట్‌కేసు దింపించాడు. రెండు లుంగీలు, తువాలు, దుప్పటి, ఫ్లాస్కు, చెంచా, ఫోను చార్జర్, అగరొత్తుల కట్ట అన్నీ అందులోకి చేరాయి. అగరొత్తులెందుకంటే దవాఖాన వాసన పడదని. బామ్మర్ది సదానందం కారు తెచ్చాడు. సదానందం ఇన్సూరెన్స్ ఏజెంటు. మంచివాడే గానీ, ఎవరన్నా దగ్గితే చాలు ముఖంలోకి పరీక్షగా చూసే అలవాటు ఆ పని వల్ల అంటుకుంది.

హన్మకొండలోని ఆ దవాఖానలో డాక్టర్ నవ్య అన్న అమ్మాయి చూసింది. రక్తం తీయించింది, స్కానింగ్ చేయించింది. సాయంత్రానికి ముగ్గురినీ గదిలోకి పిలిచి కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. పెద్దపేగు గోడకు వయసు మీద పడిన కొద్దీ చిన్న చిన్న సంచుల్లాంటివి ఏర్పడతాయని, చాలామందికి ఉంటాయని, వాటిలో ఒకటి వాచిందని, దాన్ని డైవర్టిక్యులైటిస్ అంటారని చెప్పింది. చిల్లి పడలేదు, చీము చేరలేదు, అదే ముఖ్యం అంది.

పాండురంగానికి పేగు అన్న మాట వినబడింది, సంచి అన్న మాట వినబడింది. సూట్‌కేసును కాలితో ముందుకు జరిపాడు.

"ఏ రూమ్ మేడం?"

"రూమ్ అక్కర్లేదండి. అడ్మిషన్ అవసరం లేదు. ఇంట్లోనే తగ్గిపోతుంది."

"అడ్మిట్ గాకపోతె మాయె. రెండు సెలైన్ బాటిళ్లన్న ఎక్కియ్యుండ్రి."

"నోటితో తాగగలుగుతున్నారు, వాంతులు లేవు. సెలైన్ దేనికి?"

"సూదులు?"

"వద్దు. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ చాలు. వేరే నొప్పి గోలీలు మాత్రం మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి."

"యాంటీబయాటిక్కో?" అన్నాడు పాండురంగం. చివరి రకం చీర కూడా బీరువాలోంచి తీయించే గిరాకీలాగే అడిగాడు.

"కొందరికి ఇస్తాం. మీకు షుగర్ లేదు, మిగతా ఆరోగ్యం బాగుంది, వాపు కొంచెమే. ఇప్పటికి అవసరం లేదు. ముందు పలచగా తాగే పదార్థాలే తీసుకోండి. నొప్పి తగ్గిన కొద్దీ మెత్తటి అన్నం. శుక్రవారం తప్పకుండా రండి, మళ్లీ చూస్తాను. ఈలోపు నొప్పి పెరిగినా, జ్వరం ఎక్కువైనా, పొట్ట గట్టిపడినా, తాగింది నిలవకపోయినా ఆలోచించకుండా వచ్చేయండి." ఆ అమ్మాయి నవ్వింది. "హాయిగా ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి. తొందరేం లేదు."

ఆ 'తొందరేం లేదు' పాండురంగం వెన్నులో చల్లగా దిగింది. అది ఆయన మాట. అంతటి దవాఖాన! బయట అద్దాల మేడ, లోపల మెషిన్లు, మంచాలు, మెట్ల కింద కూడా మందుల షాపు. అలాంటి చోట లోపలికి నడిచొచ్చిన గిరాకీకి ఏదీ అంటగట్టకుండా, తీయగా నవ్వి పంపిస్తున్నారంటే ఏమిటర్థం? ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. ఈ మనిషితో ఇక పని లేదు.

ఆయన సూట్‌కేసు అందుకుని చరచరా బయటికొచ్చేశాడు. సదానందం వెనకే వచ్చాడు. అరుణ మాత్రం లోపలే ఉండిపోయింది. తలుపుకున్న అద్దంలోంచి ఆయన చూశాడు. డాక్టరమ్మ ముందుకు వంగి ఏదో చెబుతోంది. అరుణ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపుతోంది.

ఆమె బయటికి రాగానే, "ఏమన్నది?" అన్నాడు.

"ఏం లేదు. జావ ఎట్ల జెయ్యాల్నో చెప్పింది."

"జావ జేసుడు నీకు డాక్టర్ నేర్పాల్నా?"

అరుణ కారు ఎక్కి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చునే మనిషి కాదు.

మర్నాటి నుంచి చూడవచ్చేవాళ్లు మొదలయ్యారు. మొదట వచ్చింది వీధి చివరింటి మొగిలమ్మ. వీధిలో సగం మందికి ఆమె అత్త. బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరిబోండం మంచం పక్కన పెట్టి, పాండురంగం చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఎన్ని బాటిళ్లు ఎక్కించిండ్రు అల్లుడూ?"

"ఎక్కియ్యలే అత్తా."

"ఒక్కటి గుడనా?"

"అవసరం లేదన్నరు."

మొగిలమ్మ ముఖం మారింది. "మా అన్న సారయ్యను గుడ గిట్లనే. ఏం అవసరం లేదు, ఇంటికి తీస్కపోయి మంచిగ సూసుకోండ్రి అన్నరు..." అని, అరుణ కళ్లెర్రజేయడం చూసి నాలుక కరుచుకుంది. "గది వేరే తియ్యి బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు."

సారయ్య తర్వాత ఏమయ్యాడో పాండురంగానికి తెలుసు. పదకొండో రోజు భోజనానికి తనూ వెళ్లాడు.

ఆ సాయంత్రం ఇద్దరు తోటి వ్యాపారులు వస్తున్నామని ఫోన్ చేశారు. పాండురంగం అరలోంచి దూది, తెల్లటి టేపు తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి ఎడమ చేతి వెనక, సూది గుచ్చే చోట, ముచ్చటైన ప్లాస్టర్ పట్టీ ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూడగానే, "అయ్యో, బాటిళ్లు బాగనే ఎక్కించినట్టున్నరు" అన్నారు. ఆయన కళ్లు మూసుకుని నిట్టూర్చాడంతే. అబద్ధం ఆడలేదు. ఆడిందేదన్నా ఉంటే ఆ పట్టీయే ఆడింది.

లోకం నోరు అలా మూయించాడు గానీ, ఇంట్లో అనుమానం మాత్రం పొద్దుపొద్దుకూ బలిసింది. నొప్పి తగ్గుతోంది. అదీ ఆయనకు నచ్చలేదు. మందు లేకుండా నొప్పి ఎందుకు తగ్గాలి? జ్వరం దిగింది. మరి దిగిన జ్వరం ఎక్కడికి పోయినట్టు? అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అరుణ. పెళ్లయిన నాటి నుంచి ఆమె గొంతు వినిపించని పూట లేదు. తడి తువాలు మంచం మీద వేస్తే ఒక పాట, బల్బు ఆర్పకపోతే ఇంకో పాట. ఇప్పుడు ఆయన తడి తువాలు కావాలనే మంచం మీద పడేశాడు. ఆమె తీసి ఆరవేసింది. మాట లేదు! పప్పుకట్టు గ్లాసు చేతికిచ్చి, "మెల్లగ తాగుండ్రి" అంది. పక్కన కూర్చుని, ఆయన ముఖం వైపు చూసి, ఏదో అనబోయి, మానేసి లేచిపోయింది.

మధ్యాహ్నం ఆమె వెనక వరండాలో బట్టలు ఆరవేస్తూ ఫోన్లో మాట్లాడుతుంటే, పాండురంగం చెప్పుల్లేకుండా తలుపు వెనకకు చేరాడు. తన ఇంట్లో తనే దొంగలా.

"వద్దు తమ్మీ, ఇప్పుడే చెప్పకు... ముందు జర కోలుకోనీ. తెలిసిందనుకో, మనిషి ఆగమైతడు... ఆ, లోపల ఇంకేమన్న ఉన్నదో సూడాల్నంటాంది... లేదనే అన్నది గని, సూడందే చెప్పరాదట..."

అవతల ఉన్నది సదానందం. ఇన్సూరెన్స్ సదానందం! పాండురంగం తలుపు పట్టుకునే కాసేపు నిలబడ్డాడు. తర్వాత మంచం మీదికి పోయి ఫోన్ తెరిచి తన ఫొటోలు చూసుకోసాగాడు. పోయినవాళ్లకు చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు గదా, దానికి పనికొచ్చేది ఒక్కటైనా ఉందా అని. ఒకదాంట్లో కళ్లు మూసుకున్నాడు. ఒకదాంట్లో నోటినిండా లడ్డూ ఉంది. ఉన్నవాటిలో బాగున్న దాంట్లో మెడలో పూలదండ ఉంది, సంఘం సన్మానం నాటిది. అది చూడగానే ఫోన్ బోర్లా పెట్టేశాడు.

వ్యాపారి కాబట్టి, ఊరికే భయపడుతూ కూర్చోకుండా సరుకును పరీక్షించి చూద్దామనుకున్నాడు. అరుణ ఏదైనా వద్దని తిట్టిందా, బతుకు మీద ఆశ ఉన్నట్టు. సరేనందా, ఆఖరి కోరిక తీరుస్తున్నట్టు.

"అరుణా, నాకు సర్వపిండి తినబుద్ధయితాంది" అన్నాడు. పల్లీలు, నువ్వులు, కారం దండిగా దట్టించి గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి. జావ తాగే మనిషి కాదు గదా, మామూలు మనిషి కూడా నీళ్లు పక్కన పెట్టుకుని తినేది. "ఎర్రగ కాల్చి. మాడు మాడు ఉండాలె."

తిట్టు కోసం చెవులు రిక్కించి చూశాడు. 'జావే సక్కగ అరుగుతలేదు, సర్వపిండి గావాల్నా' అని ఆమె అనాలి. అంటే ఆ చేతులు కళ్లకద్దుకునేవాడు.

"సరే. చేస్త" అంది అరుణ మెత్తగా. "రేపు చేస్త తియ్యి."

పాండురంగం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాడు కూడా, ఆయన అడగకముందే, ఆమె "రేపు" అనే అంది. ఆయన రెండోసారి అడగలేదు. పరీక్ష ఫలితం ఒకసారి చూశాక మళ్లీ చూసే ధైర్యం ఎవరికుంటుంది?

శుక్రవారం దవాఖానకు వెళ్లారు. ఈసారి సూట్‌కేసు లేదు. డాక్టర్ నవ్య ఆయన పొట్ట నొక్కి చూసింది. "నొప్పి బాగా తగ్గినట్టుందే?" అంది. రక్తం రిపోర్టు చూసి, వాపు దిగుతోందని సంతోషపడింది. బీపీ చూద్దామని చెయ్యి అందుకోగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి? సెలైన్ ఎక్కడ పెట్టించుకున్నారు?"

పాండురంగం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దని చెప్పాను కదా. ఎవరు పెట్టారు? ఏం ఇంజక్షన్లు చేశారు? నాకు తెలియాలండి."

"ఎవ్వలు పెట్టలే మేడం" అంది అరుణ కంగారుగా. "ఇల్లు ఇడిసి ఎటు పోనే పోలే..." ఏదో చెప్పబోయి తనకే అర్థం కాక ఆగింది. ఆ పట్టీ మొన్న రక్తం తీసినప్పటిదనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. భార్య కూడా అనుమానంగా చూడసాగింది. "నాకు తెల్వకుంట ఎటు పోయిండ్రు?"

ఇద్దరు ఆడవాళ్ల చూపుల నడుమ పాండురంగం పట్టీ అంచు పట్టుకుని మెల్లగా పీకాడు. కొన్ని వెంట్రుకలు ఊడివచ్చాయి. కింద చర్మం నున్నగా ఉంది. ఒక్క గాటు లేదు.

"అందరు అడుగుతాండ్రు మేడం, ఎన్ని బాటిళ్లని" అన్నాడు నేల చూస్తూ.

డాక్టరమ్మ కిందికి వంగి కలం వెతుక్కుంది. కలం బల్ల మీదే ఉంది. ఆమె భుజాలు కదలడం ఆయనకు కనిపించింది. ఆయనకు ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"నవ్వుండ్రి మేడం. పోయేటోనికి ప్లాస్టరుంటేంది, లేకుంటేంది? నాకు ఇంకెంత టైముందో గది చెప్పుండ్రి. నేను దుకాణదార్ని. ఆశ లేని గిరాకీని ఎట్ల పంపుతరో నాకు తెల్సు. నాతోని జెప్పకుంట ఈమెతోని జెప్పిండ్రు. ఈమె తమ్మునితోని జెప్పింది. అందరికి తెల్సు, నాకే తెల్వదు!"

డాక్టర్ నవ్య అరుణ వైపు చూసింది. "మీరు ఆయనకు చెప్పలేదా?"

"చెప్దామనే అనుకున్న మేడం" అంది అరుణ. "నోరు రాలే."

"ఇది మొదట మీకే చెప్పాల్సిన మాట" అంది డాక్టరమ్మ, పాండురంగం వైపు తిరిగి. "మీరు లేచి వెళ్లిపోయారు. నేను మళ్లీ పిలిపించాల్సింది. ఇటు రండి."

ఆమె కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. నలుపు తెలుపుల్లో ఆయన కడుపు అడ్డంగా కోసినట్టు కనిపించింది. పేగు గోడ నుంచి బయటికి పొంగిన చిన్న బుడిపెలు చూపించింది. వాచిన దాన్ని చూపించింది. చుట్టూ చీము లేదని ఎలా తెలుస్తుందో చూపించింది. ఇలాంటిదైతే మంచం మీద పడుకోబెట్టినా ఇంట్లో ఉన్నా తగ్గడం ఒకేలా ఉంటుందని, అందుకే పంపించానని చెప్పింది. చివరికి ఆగి, ఆయన కళ్లలోకి చూసి అంది:

"వాపు ఉన్నప్పుడు దాని చాటున ఇంకేదన్నా ఉంటే స్కానింగ్‌లో కనబడకపోవచ్చు. గడ్డలాంటిది. మీకు ఉందని నేను అనుకోవట్లేదు. చాలామందికి ఉండదు. కానీ చూడకుండా లేదని ఒట్టేసి చెప్పను. ఆరు వారాలు పోయాక, అంతా మానాక, కెమెరాతో పేగు లోపల చూస్తాం. కొలనోస్కోపీ అంటారు. మీ ఆవిడకు చెప్పింది అదే."

చూడకుండా ఒట్టేయనన్న మాట పాండురంగానికి నచ్చింది. రంగు వెలిసిపోదని చూడకుండానే ఒట్టేసేవాళ్లు బజారు నిండా ఉన్నారు, తనతో సహా. భయం పోలేదు గానీ, దానికి ఇప్పుడు ఒక హద్దు కనిపించింది.

"గంతేనా? కెమెరానే గద. మింగాల్నా?"

"మింగడం కాదండి..."

"మరి ఎటు నుంచి?"

డాక్టరమ్మ చెప్పింది. పాండురంగం కుర్చీలో వెనక్కి జరిగాడు, కెమెరా అప్పుడే వచ్చినట్టు.

అరుణ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆనాడు అద్దంలోంచి ఆయన చూసింది ఏడుపు కాదని, నవ్వని ఇప్పుడు తెలిసింది.

తిరుగుదారిలో, కారులో, ఆమె గొంతు తిరిగొచ్చింది. "బంగ్ల మీద లుంగి ఆరేసుడుకే సిగ్గుపడే మనిషికి నేను గా మాట ఎట్ల చెప్పాలె? చెప్తె పరీక్ష రోజు ఏటూరునాగారం అడవిల దాసుకుంటరని భయపడ్డ. మంచిమాటలు చెప్పి, మెల్లగ ఒప్పిద్దామనుకున్న. మీరు కోపం జేసి చీరలమ్ముతరు. ఇది కోపం జేసి అమ్మేటి సరుకా?"

"మరి సర్వపిండి?"

"మీకు వద్దంటె పంతం, చేస్తనంటె మరుపు. రేపు రేపు అనుకుంట జరుపుతాన్న. ఏం, నిజంగనే పెడతననుకున్నరా? జావే సక్కగ అరుగుతలేదు!"

స్టీరింగ్ దగ్గర సదానందం దగ్గినట్టు నవ్వాడు. పాండురంగం అతని మెడ వెనక వైపు పరీక్షగా చూసి, "నువ్వు రోడ్డు సూడు" అన్నాడు.

ఆ వారాలన్నీ ఆయన లోపల సగం నమ్మకంతో, సగం దడతో గడిపాడు. దుకాణానికి వెళ్లాడు, మెత్తటి అన్నం నుంచి మామూలు తిండికి వచ్చాడు, పీచు తినాలని డాక్టరమ్మ చెబితే బీరకాయ పొట్టు పచ్చడి కూడా వదల్లేదు. ఎవరైనా "మంచిగున్నవా సేటూ" అని తీయగా పలకరిస్తే మాత్రం ఒక్క క్షణం గుండె ఆగేది. పరీక్ష ముందు రోజు ఆ ఉప్పు నీళ్లలాంటి మందు తాగి, బాత్‌రూమ్‌కూ మంచానికీ మధ్య ఎన్నిసార్లు పరుగెత్తాడో చెప్పడం మర్యాద కాదు.

మత్తు దిగి కళ్లు తెరిచేసరికి పొడుగాటి హాలు, వరుసగా మంచాలు, మధ్య మధ్య పచ్చటి తెరలు. పక్కన అరుణ. ఇంకా మిగిలిన మత్తులోనూ ఆమె ముఖంలో ఏముందో చదవబోయాడు. ఈసారి ఆమె తల తిప్పుకోలేదు.

డాక్టర్ నవ్య వచ్చింది. "గడ్డ ఏమీ లేదండి. పేగంతా చూశాను. ఆ చిన్న సంచులు ఉన్నాయి, ఉంటాయి. అంతే."

"ఏం లేదంటె, నిజంగనే..."

ఆమె ఫొటోలు ఆయన చేతికిచ్చింది. గులాబీ రంగు సొరంగం, తడిగా మెరుస్తోంది. పాండురంగం ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి పట్టి, మరకలేమైనా ఉన్నాయేమోనని అంచు నుంచి అంచు దాకా చూశాడు. లేవు. ఫొటోలు అరుణ ఒళ్లో పెట్టి, కళ్లు తుడుచుకుని, మత్తుమందు వల్ల నీళ్లు కారుతున్నాయని చెప్పాడు.

అప్పుడే నర్సు వచ్చి, హాలంతా వినబడేలా అంది: "తాతా, పరీక్షకు లోపల గాలి నింపిండ్రు. గ్యాస్ పోనియ్యాలె. ఆపుకోవద్దు. పోయినంకనే ఇంటికి పంపుతం."

తాతా! పాండురంగం చుట్టూ చూశాడు. బట్టల బజార్‌లో పేరున్న మనిషి. పక్కన పెళ్లాం. "ఇప్పుడు రాదు" అన్నాడు గొంతు తగ్గించి. పొట్ట డోలులా బిగిసి ఉంది.

తెర అవతలి నుంచి ఎవరో ముసలాయన గొంతు వచ్చింది. "కానీయి పటేలా, సిగ్గుపడకు. ఈడ మేమందరం గదే పనిల ఉన్నం."

అరుణ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, బయట ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూడసాగింది. పాండురంగం గోడ వైపు ఒత్తిగిల్లాడు. చప్పుడు అందులో కలిసిపోతుందని ముందుగా గట్టిగా దగ్గాడు.

కలిసిపోలేదు.

"శెభాష్" అంది తెర అవతలి గొంతు.